మత్తు పరీక్ష దేన్ని కొలుస్తుంది? అణు విద్యుత్ కేంద్రాల నిబంధనల వెనుక లెక్క

ఇంధనం మార్చడం కోసం రియాక్టర్‌ను ఆపిన రోజుల్లో అణు విద్యుత్ కేంద్రం గేటు దగ్గర రద్దీ వేరుగా ఉంటుంది. అమెరికా కేంద్రాల్లో ఈ పని సాధారణంగా 18 నుంచి 24 నెలలకు ఒకసారి వస్తుంది. అప్పుడు రోజూ ఉండే సిబ్బందికి తోడు వందల మంది వెల్డర్లు, పరంజాలు కట్టేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, తనిఖీ నిపుణులు కొన్ని వారాల కోసం కాంట్రాక్టు మీద వచ్చి చేరతారు. వాళ్లలో ఎవరికైనా సరే, వెంట మనిషి లేకుండా లోపల తిరిగే అనుమతి కావాలంటే ముందుగా ఒక చిన్న గదిలో మూత్రం నమూనా ఇవ్వాలి, ఒక యంత్రంలోకి ఊపిరి ఊదాలి.

ఆ గదిని కాస్త దగ్గరగా చూస్తే ఈ వ్యవస్థ ఎలా ఆలోచిస్తుందో తెలుస్తుంది. మరుగుదొడ్డి తొట్టిలోని నీళ్లలో నీలం రంగు కలిపి ఉంచుతారు, ఆ నీళ్లు ముంచి నమూనాలో కలిపితే రంగు పట్టిచ్చేస్తుంది. నమూనా చేతికి అందిన 4 నిమిషాల్లోపే దాని వేడి చూస్తారు. అది 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య లేకపోతే అప్పుడే ఒంట్లోంచి వచ్చినది కాదని అనుమానించాల్సిందే. ఆ తరువాత నమూనాను రెండు సీసాల్లో పోసి, ఇచ్చిన మనిషి కళ్ల ముందే సీలు వేసి, ఆ సీలు మీద అతని చేత పొడి అక్షరాలు రాయిస్తారు. ఒక పక్క ఇచ్చేవాడి మీద అనుమానం, మరో పక్క అతనికి అన్యాయం జరగకూడదన్న జాగ్రత్త, రెండూ ఆ కొద్ది నిమిషాల్లోనే కనిపిస్తాయి.

ఈ పరీక్షల చుట్టూ వాదనలు కొత్తవి కావు. అయితే కెనడాలో 2018 అక్టోబర్ 17న గంజాయి చట్టబద్ధం కావడం, అక్కడి అణు నియంత్రణ సంస్థకూ కార్మిక సంఘాలకూ కోర్టుల్లో వివాదం నడవడం, అమెరికా తన నిబంధనలను 2022లో సవరించడం వల్ల అవి మళ్లీ చర్చకు వచ్చాయి. ఆ చర్చలో తరచూ కలగాపులగమయ్యే సంగతి ఒకటుంది. దాన్ని ముందే విడదీసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

రెండు ప్రశ్నలు, ఒకటే పేరు

అమెరికా అణు నియంత్రణ కమిషన్, అంటే ఎన్ఆర్‌సీ, ఈ నిబంధనలకు పెట్టుకున్న పేరు ‘ఫిట్‌నెస్ ఫర్ డ్యూటీ’. పని చేయడానికి తగిన స్థితిలో మనిషి ఉన్నాడా లేదా అన్నది దాని అర్థం. ఫెడరల్ నిబంధనావళి 10వ టైటిల్ 26వ భాగంలో ఇవి ఉంటాయి. ఆ భాగం మొదట్లో రాసుకున్న లక్ష్యాలు చదివితే అందులో రెండు వేర్వేరు సంగతులు కనబడతాయి. ఈ మనిషి ఇప్పుడు, ఈ క్షణంలో, మత్తు ప్రభావంలో ఉన్నాడా అన్నది ఒకటి. ఈ మనిషి నమ్మదగినవాడేనా, అతని మీద ఆధారపడవచ్చా అన్నది రెండోది.

మొదటి ప్రశ్న భద్రతకు సంబంధించినది. మత్తులో ఉన్న ఆపరేటర్ మీట తప్పుగా తిప్పవచ్చు, మెకానిక్ ఒక వాల్వును తెరవడం మరిచిపోవచ్చు. రెండో ప్రశ్నకు కాపలాతో, విద్రోహంతో సంబంధం ఉంది. చట్టవిరుద్ధమైన మత్తుమందుకు అలవాటుపడినవాడు దాన్ని దాచడానికి అబద్ధాలు చెప్పాల్సి వస్తుంది, అప్పులపాలు కావచ్చు, బయటివాళ్ల బెదిరింపులకు లొంగవచ్చు. లోపల స్వేచ్ఛగా తిరిగే మనిషి అలా లొంగిపోతే కంచె ఎంత ఎత్తుగా ఉన్నా లాభం లేదు.

ఊపిరి పరీక్ష మొదటి ప్రశ్నకు చాలావరకు సమాధానం చెబుతుంది. మూత్ర పరీక్ష చెప్పేది రెండో ప్రశ్నకే. ఈ సంగతి మరిచిపోయి మూత్ర పరీక్షను ‘మత్తులో ఉన్నాడో లేదో చెప్పే పరీక్ష’గా సమర్థించేవాళ్లూ పొరబడుతున్నారు, అది మత్తును కొలవడం లేదు కాబట్టి పనికిరానిదని కొట్టిపారేసేవాళ్లూ పొరబడుతున్నారు. ఇది నా అభిప్రాయం. దీనికి ఆధారాలు నిబంధనల్లోనే ఉన్నాయి.

చిన్న పొరపాటుకు ఇంత భయం ఎందుకు

అణు కేంద్రంలో ఒకరి పొరపాటుతో ఘోరం జరిగిపోకుండా పొరలు పొరలుగా రక్షణ ఉంటుంది. ఒక పంపు ఆగితే రెండోది, అది కూడా ఆగితే మూడోది అన్నట్టు. కాబట్టి ఒక్క మనిషి మత్తులో ఉంటే కొంపలు మునుగుతాయా అన్న సందేహం సహజమే. అయితే ఈ రక్షణకు ఒక బలహీనత ఉంది. ఇవాళ చేసిన తప్పు ఇవాళే బయటపడాలని లేదు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో ప్రమాదం మొదలైనప్పుడు, ఆవిరి జనరేటర్లకు అత్యవసరంగా నీళ్లు అందించే పంపులు తిరుగుతూనే ఉన్నాయి, కానీ నీళ్లు వెళ్లలేదు. ఆ దారిలోని వాల్వులు మూసి ఉన్నాయి. సిబ్బంది ఆ సంగతి గమనించడానికి 8 నిమిషాలు పట్టింది. మత్తుకూ ఆ ప్రమాదానికీ సంబంధం లేదు, ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. దాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం వేరు. అవసరం పడేదాకా ఎవరి కంటా పడని తప్పు, అవసరం పడిన క్షణంలో ఒక రక్షణ పొరను ఎలా లేకుండా చేస్తుందో అది చూపిస్తుంది. నిబంధనలు కంట్రోల్ రూములో కూర్చునేవాళ్లకే పరిమితం కాకుండా, స్పానర్ పట్టుకునేవాళ్లకూ వర్తించడానికి మూలం ఈ తర్కమే.

ఈ నిబంధనలు ఎలా వచ్చాయి

1980లలో అమెరికా ప్రభుత్వం మత్తుమందుల మీద గట్టిగా దృష్టి పెట్టింది. 1986 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు రీగన్ ఫెడరల్ కార్యాలయాలను మత్తుమందులు లేని చోట్లుగా మార్చాలని ఉత్తర్వు జారీ చేశారు. 1988లో ఆరోగ్య శాఖ మూత్ర పరీక్షలు ఎలా జరపాలో మార్గదర్శకాలు ప్రకటించింది. ఎన్ఆర్‌సీ మొదట, 1986లో, ఒక విధాన ప్రకటనతో సరిపెట్టి బాధ్యతను పరిశ్రమకే వదిలింది. తరువాత 1989 జూన్‌లో నిబంధననే తెచ్చింది. అది 1990 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

మధ్యలో జరిగిన ఒక ప్రమాదం ఈ చర్చ మొత్తాన్ని ప్రభావితం చేసింది. 1987 జనవరి 4న మేరీల్యాండ్‌లోని చేజ్ దగ్గర ప్రయాణికుల రైలు సరుకు రవాణా ఇంజన్లను ఢీకొని 16 మంది చనిపోయారు. ఆ ఇంజన్ల సిబ్బంది గంజాయి తాగినట్టు తేలింది. 1989 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు రైల్వే కార్మికుల కేసులో తీర్పు చెబుతూ, ప్రజల భద్రత ముడిపడిన ఉద్యోగాల్లో ఒక వ్యక్తి మీద ప్రత్యేకంగా అనుమానం లేకపోయినా పరీక్షించవచ్చని అంగీకరించింది. అణు కేంద్రాల నిబంధనలకు చట్టపరమైన పునాది దాంతో గట్టిపడింది.

పరీక్ష ఎప్పుడు జరుగుతుంది, చీటీ ఎవరికి పడుతుంది

లోపలికి అనుమతి ఇచ్చే ముందు జరిపే పరీక్ష గురించి పైన చెప్పుకున్నాం. ప్రవర్తనలో అనుమానం కలిగినప్పుడు, ఒక ఘటన జరిగిన తరువాత, ఒకసారి పట్టుబడి తిరిగి పనిలోకి వచ్చాక కూడా పరీక్షలు ఉంటాయి. వీటి గురించి పెద్దగా వివాదం లేదు. వివాదమంతా ఏ కారణమూ లేకుండా, పేర్లు చీటీల్లా తీసి, చెప్పాపెట్టకుండా పిలిచే ర్యాండమ్ పరీక్ష గురించే.

అమెరికాలో మొదట ఏడాదికి 100 శాతం రేటు ఉండేది. 1994 నుంచి దాన్ని 50 శాతానికి తగ్గించారు. ‘50 శాతం’ అంటే ఏడాదిలో సగం మందికి తప్పక పరీక్ష జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1,000 మంది ఉన్న కేంద్రంలో ఏడాదికి 500 పరీక్షలు జరుగుతాయని మాత్రమే దాని అర్థం. ఒకసారి పరీక్షకు వెళ్లివచ్చిన మనిషి పేరు మళ్లీ వెంటనే చీటీల్లో కలవాలన్నది నిబంధన, లేకపోతే ‘నా వంతు అయిపోయింది’ అన్న ధీమా వస్తుంది.

ఇలా తీస్తే ఏం జరుగుతుందో లెక్క వేయవచ్చు. ప్రతి చీటీలోనూ ఒక వ్యక్తి పేరు రాకపోవడానికి అవకాశం 1,000లో 999. 500 సార్లు వరసగా రాకపోవడానికి అవకాశం దాదాపు 61 శాతం. అంటే 1,000 మందిలో సుమారు 607 మందికి ఆ ఏడాది పిలుపే రాదు, 303 మందికి ఒకసారి వస్తుంది, 90 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వస్తుంది. ‘మళ్లీ నన్నే పిలిచారు, కావాలనే చేస్తున్నారు’ అన్న ఫిర్యాదు ఈ 90 మందిలోంచే పుడుతుంది. కావాలని చేయకపోయినా లెక్క ప్రకారం అలాంటివాళ్లు ఉండి తీరతారు. పాత 100 శాతం రేటులో కూడా 37 శాతం మంది ఏడాదంతా తప్పించుకునేవారు. కాబట్టి ర్యాండమ్ పరీక్షకు ఉన్న బలం పట్టుకోవడంలో కన్నా, ఎప్పుడైనా పిలవవచ్చన్న భయంలోనే ఎక్కువ.

ఊపిరి, గడియారం

మద్యం విషయంలో అమెరికా నిబంధన ఒక్క అంకెతో సరిపెట్టుకోలేదు. రక్తంలో మద్యం 0.04 శాతం ఉంటే పాజిటివ్. మనిషి పనిలోకి వచ్చి కనీసం ఒక గంట అయితే 0.03 శాతం ఉన్నా పాజిటివే. రెండు గంటలు అయితే 0.02 శాతం చాలు. మూడు గంటలు దాటిన మనిషిలో 0.01 నుంచి 0.02 మధ్య కనబడితే ఫలితాన్ని నెగెటివ్ అనే నమోదు చేస్తారు గానీ, పని చేయగల స్థితిలో ఉన్నాడని నిర్ధారించేదాకా విధుల్లోకి పంపరు.

గంటలు గడిచేకొద్దీ నిబంధన కఠినమవడం వింతగా అనిపించవచ్చు. నిజానికి అది వెనక్కి లెక్కగట్టడం. ఒంట్లోని మద్యం గంటకు సుమారు 0.015 చొప్పున తగ్గుతుందని అనుకుందాం (మనిషిని బట్టి మారుతుంది, ఇది మధ్యస్థపు అంకె). రెండు గంటలు పని చేశాక 0.02 ఉన్న మనిషిలో, పనిలోకి వచ్చేటప్పుడు దాదాపు 0.05 ఉండి ఉండాలి. ఒక గంట తరువాత 0.03 ఉంటే, వచ్చేటప్పుడు 0.045. అంటే మూడు అంకెలూ చెప్పేది ఒకటే: గేటు దాటేటప్పుడు ఈ మనిషిలో కనీసం 0.04 ఉంది.

దీనికి తోడు, డ్యూటీకి ముందు కనీసం 5 గంటలు మద్యం ముట్టకూడదన్న నియమం కూడా ఉంది. ఈ 5 గంటలు పాటిస్తే చాలు, పరీక్షలో గట్టెక్కినట్టేనని అనుకుంటే ప్రమాదమే. తాగడం ఆపేటప్పటికి 0.10 ఉన్న మనిషి 5 గంటల్లో 0.075 పోగొట్టుకుని 0.025తో వస్తాడు, గేటు దగ్గర నెగెటివ్ అవుతాడు. అదే 0.16తో ఆపినవాడు నియమం అక్షరాలా పాటించినా 0.085తో వస్తాడు, పాజిటివ్ అవుతాడు. నియమం పాటించానన్నది అతనికి సమర్థన కాదు.

సెలవులో ఇంటి దగ్గర ఉన్నవాడిని అత్యవసరంగా పిలిస్తే? ఇక్కడ నిబంధన ఆచరణకు తగ్గట్టుగా మెత్తబడుతుంది. పిలిచినప్పుడే, గత 5 గంటల్లో తాగారా అని అడగాలి. తాగానని నిజం చెప్పినవాడిని శిక్షించరు. పరీక్షించి, స్థితిని అంచనా వేసి, అవసరమైతే పక్కన మరొకరిని పెట్టి పని చేయించుకోవచ్చు. అతని అవసరం నిజంగా ఉన్నప్పుడు, నిజం చెప్పినందుకు శిక్షిస్తే తరువాత ఎవరూ నిజం చెప్పరు. మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, రెండో ప్రశ్న దగ్గర రాజీ లేదన్నది ఇందులోంచే కనబడుతోంది.

మూత్రంలో జాడ: మత్తు కాదు, గతం

మద్యం గంటల్లో పోతుంది. గంజాయి అలా కాదు. గంజాయిలోని టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం కొవ్వులో చేరి నెమ్మదిగా విడుదలవుతుంది. దాని నుంచి ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం, మత్తు ఎప్పుడో దిగిపోయినా, మూత్రంలో కనబడుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి తాగేవారిలో కొన్ని రోజులు, రోజూ ఎక్కువగా తాగేవారిలో వారాల తరబడి. మూత్ర పరీక్ష వెతికేది మత్తు కలిగించే పదార్థాన్ని కాదు, అది వదిలివెళ్లిన ఈ జాడను. శనివారం రాత్రి ఇంట్లో తాగి సోమవారం మామూలుగా పనికి వచ్చినవాడు పాజిటివ్ కావచ్చు. డ్యూటీకి వచ్చే ముందు మొట్టమొదటిసారి తాగి, ఆ మత్తులోనే వెంటనే నమూనా ఇచ్చినవాడు, జాడ ఇంకా మూత్రంలోకి చేరకపోతే, నెగెటివ్ కావచ్చు.

ఆ జాడ ఎంత ఉంటే పాజిటివ్ అన్నదానికి హద్దులుంటాయి. గంజాయికి తొలి పరీక్షలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, నిర్ధారణ పరీక్షలో 15 నానోగ్రాములు. రెండు దశలు ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఈ అంకెలు లెక్క తేలిక కోసం వేసుకున్నవి, ఏ ప్రయోగశాలవీ కావు. 1,000 మందిలో 10 మంది మాత్రమే నిజంగా మత్తుమందు వాడారనుకుందాం. తొలి పరీక్ష వాడినవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, వాడనివాళ్లలో 2 శాతం మందిని పొరపాటున పాజిటివ్ అంటుంది అనుకుందాం. అప్పుడు నిజంగా వాడిన 9 మందీ, వాడని 990 మందిలో సుమారు 20 మందీ, మొత్తం 29 మంది పాజిటివ్‌గా తేలతారు. అంటే తొలి పరీక్ష వేలెత్తి చూపినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది నిర్దోషులే. పరీక్ష చెడ్డదై కాదు, వాడేవాళ్లు తక్కువగా ఉన్నచోట ఎంత మంచి వడపోతకైనా ఇదే గతి.

తొలి పరీక్ష పదార్థాల ఆకారపు పోలికను బట్టి పనిచేస్తుంది. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ లాంటివి ఉత్తేజం కలిగించే మత్తుమందైన యాంఫెటమిన్‌ను పోలి ఉండటం వల్ల దాన్ని తికమకపెట్టగలవు. నిర్ధారణ పరీక్షలో గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటి పద్ధతితో పదార్థాలను విడదీసి, అణువును ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను బట్టి గుర్తుపడతారు. పోలికను చూసి మోసపోవడం అక్కడ దాదాపు ఉండదు.

అయినా అక్కడితో అయిపోదు. పదార్థం ఉందని తేలినంత మాత్రాన అది తప్పుదారిలో వచ్చిందని కాదు. గసగసాల్లో సహజంగానే కొంచెం మార్ఫిన్ ఉంటుంది. వాటితో చేసినవి తిన్నవాళ్లు పాజిటివ్‌గా తేలుతుండటంతో అమెరికా ఆరోగ్య శాఖ 1998లో ఓపియేట్ల (మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందుల) హద్దును 300 నానోగ్రాముల నుంచి ఏకంగా 2,000కు పెంచింది. హెరాయిన్ వాడితే మాత్రమే కనిపించే 6-ఎసిటైల్ మార్ఫిన్ అనే జాడను వేరుగా వెతుకుతారు. దాన్ని గసగసాల మీదికి నెట్టడం కుదరదు. ఇలాంటి విషయాలు తేల్చడానికి ప్రతి కార్యక్రమంలోనూ ఒక వైద్యుడు ఉంటాడు. ప్రయోగశాల పంపిన పాజిటివ్‌ను అతను నేరుగా యాజమాన్యానికి చెప్పకూడదు. ముందు ఆ ఉద్యోగితో మాట్లాడి, వైద్యుడు రాసిచ్చిన మందు ఏదైనా వాడుతున్నాడా అని కనుక్కోవాలి. ఉద్యోగి కోరితే, గదిలో అతని కళ్ల ముందు సీలు వేసిన రెండో సీసాను వేరే ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఇలా కోరడానికి అతనికి 3 పని దినాల గడువుంటుంది.

శిక్షల పట్టిక చెప్పే అసలు సంగతి

మొదటిసారి పాజిటివ్ అని ఖరారైతే కనీసం 14 రోజులు లోపలికి అనుమతి ఉండదు. తిరిగి రావాలంటే నిపుణుల అంచనా, చికిత్స అవసరమైతే చికిత్స, ఆపైన 3 ఏళ్లలో కనీసం 15 సార్లు చెప్పకుండా జరిపే పరీక్షలు. రెండోసారైతే 5 ఏళ్ల నిషేధం. రక్షిత ప్రాంతంలోనే మత్తుమందు అమ్మినా, వాడినా, దగ్గర పెట్టుకున్నా కనీసం 5 ఏళ్లు.

మరి పరీక్షనే మోసం చేయబోతే? ఇతరుల మూత్రం సీసాలో తెచ్చినా, నమూనాలో రసాయనం కలిపినా, పరీక్షకు నిరాకరించినా శాశ్వత నిషేధం. మొదటిసారే. మత్తుమందు వాడినవాడికి 14 రోజులు, వాడలేదని మోసం చేయబోయినవాడికి జీవితకాలం! మత్తు ఒక్కటే సమస్య అయితే ఈ తేడాకు అర్థం లేదు. నమ్మకమే అసలు సరుకు అనుకుంటే మాత్రం అర్థం ఉంది. ఒక కేంద్రంలో అనుమతి తిరస్కరించారన్న సమాచారం ఇతర కేంద్రాలకూ అందుతుంది కాబట్టి, ఇంధనం మార్చే పనుల మీద ఊరూరా తిరిగే కాంట్రాక్టు కార్మికుడికి ఇది ఒక ఉద్యోగం పోవడం కాదు, వృత్తే పోవడం.

గుమాస్తాను కూడా పరీక్షించాలా

అమెరికా నిబంధన రక్షిత ప్రాంతంలో ఒంటరిగా తిరగగల ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. కాలిఫోర్నియాలోని డయాబ్లో కాన్యన్ కేంద్రంలో గుమాస్తా, గోదాము, మెయింటెనెన్స్ పనులు చేసేవారి తరఫున ఒక కార్మిక సంఘం దీన్ని ప్రశ్నించింది. రియాక్టర్ నడపడంతో వీళ్లకు సంబంధమేమిటన్నది వారి వాదన. 1992లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఎన్ఆర్‌సీ పక్షానే నిలిచింది. మళ్లీ ఆ రెండు ప్రశ్నలే: మొదటి ప్రశ్న ప్రకారం గుమాస్తాను పరీక్షించడం అతి, రెండో ప్రశ్న ప్రకారం లోపల తిరిగే ఎవరైనా ఒకటే.

కెనడా వేరే దారిలో వచ్చింది. అక్కడి సుప్రీంకోర్టు 2013లో న్యూ బ్రన్స్‌విక్‌లోని ఒక కాగితం మిల్లు కేసులో, యాజమాన్యం ఏకపక్షంగా పెట్టిన ర్యాండమ్ మద్యం పరీక్షను కొట్టివేసింది. 15 ఏళ్లలో మద్యానికి సంబంధించిన ఘటనలు 8 మాత్రమే నమోదయ్యాయి. పని ప్రమాదకరమైనదన్న ఒక్క కారణం చాలదు, అక్కడ నిజంగా ఒక సమస్య ఉందని చూపించాలి అన్నది మెజారిటీ న్యాయమూర్తుల మాట. ఆ కేసులో ఫిర్యాదు చేసిన కార్మికుడు మద్యం ముట్టుకోవడం మానేసి ఏళ్లు గడిచాయి. పరీక్షలో అతను నెగెటివే, అయినా పరీక్షే అవమానంగా తోచింది. ఈ వివరం ఎందుకు ముఖ్యమంటే, నిర్దోషికి నష్టమేమిటన్న ప్రశ్నకు జవాబు అందులో ఉంది.

తరువాత కెనడా అణు భద్రతా కమిషన్ తన నియంత్రణ పత్రంలో ర్యాండమ్ పరీక్షను చేర్చింది. అయితే అందరికీ కాదు. అనుమతిపత్రం పొందిన రియాక్టర్ ఆపరేటర్లు, సాయుధ భద్రతా సిబ్బంది లాంటి ‘భద్రతకు కీలకమైన’ కొద్దిమందికే, అదీ ఏడాదికి 25 శాతం రేటుతో. పైన వేసిన లెక్క ప్రకారమే చూస్తే, ఆ రేటులో ఏడాదికి సుమారు 22 శాతం మందికే పిలుపు వస్తుంది. కార్మిక సంఘాలు కోర్టుకు వెళ్లాయి, 2022లో అమలు తాత్కాలికంగా నిలిచింది. 2023లో ఫెడరల్ కోర్టు, 2024 నవంబర్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు కమిషన్ వైపే తీర్పు చెప్పాయి.

సంఘాల వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. అణు కేంద్రాల్లో ఇప్పటికే పర్యవేక్షణ, నేపథ్య విచారణ, కాపలా అన్నీ కఠినంగా ఉన్నాయి. మత్తు వల్ల సమస్య ఉందని చూపే ఆధారం లేదు. ఒంట్లోంచి నమూనా తీసుకోవడమంటే మనిషి శరీరంలోకి చొరబడటమే, దానికి గట్టి కారణం కావాలి. కమిషన్ వాదన మరోలా ఉంది. ఇక్కడ ప్రమాదం జరిగే అవకాశం తక్కువే, జరిగితే పర్యవసానం చాలా పెద్దది, ఒకటి జరిగి చూపిస్తే తప్ప నివారణ మొదలుపెట్టకూడదనడం అణు రంగంలో చెల్లదు.

అమెరికా గణాంకాల్లో ర్యాండమ్ పరీక్షల్లో పాజిటివ్‌లు ఒక శాతంలోపే. అనుమతికి ముందు జరిపే పరీక్షల్లో, కాంట్రాక్టు కార్మికుల్లో అంతకన్నా ఎక్కువ. ‘చూశారా, భయం పనిచేస్తోంది’ అని ఒకరు, ‘చూశారా, సమస్యే లేదు’ అని మరొకరు ఇదే అంకెను చూపిస్తారు. దొంగతనాలు లేని ఊళ్లో అది తలారి ఉన్నందువల్లనా, దొంగలే లేకనా అన్నది తలారిని తీసేస్తే తప్ప తేలదు. అణు కేంద్రంలో ఆ ప్రయోగానికి ఎవరూ సిద్ధపడరు కాబట్టి ఈ వాదన అంకెలతో ముగిసేది కాదు.

సీసాలో కనబడనివి

1987 మార్చి 31న ఎన్ఆర్‌సీ పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ కేంద్రాన్ని మూసివేయమని ఆదేశించింది. కారణం మద్యమూ కాదు, మత్తుమందూ కాదు. కంట్రోల్ రూములో ఆపరేటర్లు డ్యూటీలో నిద్రపోతున్నారు. అలసట కూడా మనిషిని మత్తులాగే దెబ్బతీస్తుంది, కానీ ఏ సీసాలోనూ కనబడదు. 2008 సవరణలో అందుకే పనిగంటలకు హద్దులు పెట్టారు: 24 గంటల్లో 16, 48 గంటల్లో 26, 7 రోజుల్లో 72 గంటలకు మించకూడదు.

వైద్యుడు రాసిన నిద్రమాత్ర, ఇంట్లో చావు, పరీక్షల జాబితాలో లేని కొత్త మత్తుమందు, ఇవేవీ మూత్రంలో దొరకవు. వీటి కోసం ఉన్నది ప్రవర్తన పరిశీలన. పక్కవాడి మాట తడబడటం, నడక మారడం, కోపం పెరగడం గమనించి చెప్పడం అందరి బాధ్యతగా పెట్టి శిక్షణ ఇస్తారు. నిజానికి ‘ఇప్పుడు ఇతను పని చేయగలడా’ అన్న మొదటి ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే పద్ధతి ఇదే. అయితే దీనికి రసీదు ఉండదు, సీలు ఉండదు, రెండో సీసా ఉండదు. తోటివాడి మీద ఫిర్యాదు చేయడానికి మనసొప్పక ఊరుకునేవాళ్లూ, పగబట్టి చెప్పేవాళ్లూ ఇద్దరూ ఉంటారు.

లాలాజలం వైపు

2022లో ప్రకటించిన సవరణలో ఎన్ఆర్‌సీ యాంఫెటమిన్, కొకైన్ హద్దులను తగ్గించింది, ఎక్స్‌టసీని పరీక్షించే మత్తుమందుల జాబితాలో చేర్చింది. దానితోపాటు, ఎదురుగా మనిషి నిలబడి నమూనా ఇప్పించాల్సిన సందర్భాల్లో మూత్రానికి బదులు లాలాజలం తీసుకోవడానికి వీలు కల్పించింది. బుగ్గ లోపల ఒక దూదిపుల్ల ఉంచి తీసుకునే నమూనాను అందరి ముందూ తీయవచ్చు, నీలం నీళ్లూ అక్కర్లేదు, అవమానమూ తక్కువ, కల్తీ చేయడమూ కష్టం.

అయితే లాలాజలంలో జాడ ఉండే కాలం తక్కువ, చాలావాటికి గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకే. శనివారం తాగి సోమవారం వచ్చినవాడు ఇందులో దొరకకపోవచ్చు, ఇప్పుడే తాగి వచ్చినవాడు మూత్రంలో కన్నా ఇందులో దొరికే అవకాశం ఎక్కువ. మత్తు గురించి అడిగేవాళ్లకు ఇది మెరుగైన పరీక్ష, నమ్మకం గురించి అడిగేవాళ్లకు ఇది గుడ్డి పరీక్ష. కెనడా పత్రంలో మూత్రం, లాలాజలం రెండింటికీ చోటుంది. అమెరికాలో మాత్రం ప్రధాన నమూనాగా మూత్రమే కొనసాగుతోంది.